క్లీవ్‌లాండ్ కాలేజీ పేరులో ఈ ‘వెస్టర్న్ రిజర్వ్’ ఏంటి?

బెజవాడ_చిన్నోడు | శుక్రవారం రాత్రి 11:10

అన్నలూ అక్కలూ, ఒక డౌటు. ఆగస్టులో ఒహాయోలో దిగాను. కేస్ వెస్టర్న్ రిజర్వ్‌లో ఎమ్మెస్. మొన్న ఫోన్లో మా నాన్న "రిజర్వ్ అంటే రిజర్వ్ ఫారెస్టులో కట్టారా మీ కాలేజీ? పాములూ గట్రా ఉంటాయా?" అని అడిగారు. నవ్వేశాను గానీ జవాబు నాకూ తెలీదు. కేస్ అనేది కాలేజీకి ఆస్తి రాసిచ్చిన ఆయన ఇంటిపేరట. మరి వెస్టర్న్ రిజర్వ్? మ్యాపులో చూస్తే క్లీవ్‌లాండ్ అమెరికాకి పడమర కూడా కాదు, న్యూయార్క్ నుంచి ఒక రాత్రి బస్సు ప్రయాణం. ఎన్నాళ్లుగానో ఇక్కడున్నవాళ్లు కాస్త చెప్పండి.

ఈరీ_ఒడ్డున | శుక్రవారం రాత్రి 11:32

తమ్ముడూ, చలికోటు కొన్నావా? ముందు అది చూసుకో, చరిత్ర తర్వాత.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నా. ఇల్లు కొన్నప్పుడు దస్తావేజులో మా స్థలం గురించి "ఒరిజినల్ హండ్రెడ్ ఎకర్ లాట్ నంబర్ ఫలానాలో భాగం" అని ఉంది. మేం కొన్నది పావు ఎకరం కూడా లేదు. ఈ వంద ఎకరాలేంటమ్మా అని కాగితాలు చూసే ఆవిడని అడిగితే, "అది రిజర్వ్ కాలం నాటి సర్వే అండీ, ఇప్పటికీ అలాగే రాస్తాం" అంది. అంటే నీ కాలేజీ పేరూ, మా ఇంటి దస్తావేజూ ఒకే చోట నుంచి వచ్చాయన్నమాట. పూర్తి కథ పంతులుగారు చెప్పాలి. మాస్టారూ, ఉన్నారా?

పాఠాల_పంతులు | శనివారం ఉదయం 6:05

ఉన్నానండీ, ఇప్పుడే కాఫీ అయింది.

చిన్నోడా, ఈ రిజర్వ్ అడవి కాదు. "ఇది మాత్రం మాది" అని అట్టేపెట్టుకున్న భూమి. అట్టేపెట్టుకున్నది కనెటికట్. అట్లాంటిక్ ఒడ్డున ఉన్న బుల్లి రాష్ట్రం. అక్కడి నుంచి ఇక్కడికి రావాలంటే న్యూయార్క్, పెన్సిల్వేనియా దాటాలి. అంత దూరాన వాళ్లకి భూమి ఎలా వచ్చిందంటే, 1662లో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ రాసిచ్చిన పత్రంలో కనెటికట్ హద్దు పడమటి సముద్రం దాకా అని ఉంది. ఆ సముద్రం ఎంత దూరమో రాసినవాళ్లకీ తెలీదు, రాయించుకున్నవాళ్లకీ తెలీదు.

స్వాతంత్ర్యం వచ్చాక రాష్ట్రాలన్నీ ఇలాంటి పడమటి హక్కుల్ని కేంద్రానికి వదులుకున్నాయి. 1786లో కనెటికట్ కూడా వదిలింది, ఒక్క ముక్క తప్ప. పెన్సిల్వేనియా సరిహద్దు నుంచి 120 మైళ్ల పొడవున, ఈరీ సరస్సు దక్షిణపు ఒడ్డు వెంట, 33 లక్షల ఎకరాల పైచిలుకు. వాళ్లకి అది పడమర కాబట్టి వెస్టర్న్. అమ్ముకోవడానికి దాచుకున్నారు కాబట్టి రిజర్వ్.

అందులో పడమటి కొసన 5 లక్షల ఎకరాలు 1792లో పక్కన పెట్టారు. యుద్ధంలో ఇంగ్లీషు సైన్యం ఇళ్లు తగలబెట్టిన కుటుంబాలకి నష్టపరిహారంగా. అందుకే ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ ఫైర్‌లాండ్స్ అంటారు. అక్కడ నార్వాక్, న్యూ లండన్, డాన్‌బరీ అని పేర్లు కనిపిస్తాయి. అవన్నీ కనెటికట్‌లో తగలబడ్డ ఊళ్ల పేర్లే. అయితే ఇళ్లు కాలింది 1780 అటూ ఇటూ, ఈ భూమి కొలతలు పూర్తయ్యేసరికి 1808. పరిహారం సంగతి ఎక్కడైనా ఇంతే.

మిగిలింది 1795లో కనెటికట్ ల్యాండ్ కంపెనీ అనే పెట్టుబడిదారుల గుంపుకి 12 లక్షల డాలర్లకి అమ్మేశారు. ఎకరం 40 సెంట్ల లెక్క, అదీ అప్పు మీద. ఆ డబ్బు కనెటికట్ బడుల నిధికి పోయింది. అంటే ఒహాయో అడవి అమ్మి కనెటికట్ పిల్లలకి చదువు చెప్పించారు.

బెజవాడ_చిన్నోడు | శనివారం ఉదయం 6:40

మాస్టారూ, ఇది అచ్చం మన రియల్ ఎస్టేట్ వెంచర్ లాగే ఉంది. చూడకుండానే కొన్నారా? అప్పటికి అక్కడ ఎవరూ లేరా?

పాఠాల_పంతులు | శనివారం ఉదయం 7:15

లేకపోవడమేంటి. ఈరీ అన్న పేరే ఒక జాతి పేరు. 1650ల్లో ఇరొక్వాయ్ అనే ఇంకో స్థానిక జాతుల కూటమితో జరిగిన యుద్ధాల్లో చెదిరిపోయారు. తర్వాత వాయండాట్, ఒటావా, డెలావేర్ లాంటి జాతుల వాళ్లు వచ్చి ఉన్నారు. 1794లో ఫాలెన్ టింబర్స్ దగ్గర అమెరికా సైన్యం చేతిలో ఈ జాతులన్నీ కలిసి ఓడిపోయాయి. మరుసటి ఏడు గ్రీన్‌విల్ ఒప్పందం. 20,000 డాలర్ల సరుకులు, ఏటా 9,500 డాలర్లు. బదులుగా ఇప్పటి ఒహాయోలో చాలా భాగం పోయింది. హద్దు ఎక్కడ గీశారంటే కయహోగా నది, అక్కడి నుంచి టస్కరావాస్ నదికి పోయే కాలిబాట. పడమటి పక్క ఇంకా వాళ్లదే. అదీ 1805లో పోయింది.

ఆ కాలిబాట సంగతి తర్వాత వస్తుంది, గుర్తుపెట్టుకో.

ఈరీ_ఒడ్డున | శనివారం ఉదయం 9:20

వెంచర్ అన్నావు కదా, ఆ వెంచర్ మేనేజర్ కథ నేను చెప్తా. ఇది నాకు బాగా తెలుసు, ఊరి నడిబొడ్డున ఆయన విగ్రహం ఉంది.

పేరు మోజెస్ క్లీవ్‌లాండ్. లాయరు, కంపెనీలో వాటాదారు కూడా. 1796లో సుమారు 50 మందితో బయల్దేరాడు. దారిలో బఫెలో దగ్గర ఇరొక్వాయ్ పెద్దలు అడ్డం కూర్చుని, మా హక్కు సంగతేంటి అన్నారు. 500 పౌండ్ల విలువైన సరుకు, రెండు ఎద్దులు, 100 గ్యాలన్ల విస్కీతో బేరం ముగిసింది. జులై 22న కయహోగా నది సరస్సులో కలిసే చోట దిగాడు. గట్టెక్కి చూసి, ఇక్కడే ఊరన్నాడు. మధ్యలో 10 ఎకరాల మైదానం వదిలి చుట్టూ ప్లాట్లు గీయించాడు. అదే ఇప్పటి పబ్లిక్ స్క్వేర్. అక్టోబరులో ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ జన్మలో ఈ ఊరు తొక్కలేదు! మూడు నెలలు ఉన్నందుకు ఊరికి ఆయన పేరు. అదీ సరిగ్గా మిగల్లేదు. ఆయన స్పెల్లింగులో ఇంకో ‘ఏ’ ఉండేది. 1831లో ఒక పత్రిక వాళ్లు పేరు పట్టీలో పట్టక ఆ అక్షరం తీసేశారని ఇక్కడ కథగా చెప్తారు.

ఆయన చేసిన పొరపాటు నది నోటి దగ్గర ఊరు గీయడం. అంతా బురద, దోమలు, చలిజ్వరం. 1797లో వచ్చిన లోరెంజో కార్టర్ కుటుంబం తప్ప దాదాపు అందరూ మెరక మీదున్న న్యూబర్గ్‌కి పోయారు. కొన్నాళ్లు కార్టర్ వాళ్ల పొయ్యి ఒక్కటే వెలిగింది. క్లీవ్‌లాండ్ ఎక్కడుంది అంటే "న్యూబర్గ్‌కి ఆరు మైళ్ల దూరంలో చిన్న పల్లె" అనేవాళ్లట. 1820 లెక్కల్లో జనాభా 606.

సర్వేయర్_కొడుకు | శనివారం ఉదయం 10:48

దస్తావేజు మాట వినగానే ఉండలేక లాగిన్ అయ్యాను. మా నాయిన కరీంనగర్ వైపు సర్వేయర్, ఇప్పుడు రిటైర్. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెంట పోయి గొలుసు పట్టేవాణ్ణి. ఇనుప గొలుసు, 66 అడుగులు, 100 లింకులు. పదేసి లింకులకి ఇత్తడి బిళ్ల. ఎండాకాలం మధ్యాహ్నం అది చేతికి అంటుకుంటే బొబ్బే.

మోజెస్ మనుషులు ఒహాయో అడవిలో లాగింది సరిగ్గా ఇదే గొలుసు. గంటర్ అనే ఇంగ్లీషాయన 1620లో చెప్పిన కొలత. పది చదరపు గొలుసులు ఎకరం. మన సెంటు ఎక్కడిదనుకున్నారు? ఎకరంలో వందో వంతు, అంటే వెయ్యి చదరపు లింకులు. తెలంగాణ గుంట అంటే అర గొలుసు పొడవు, అర గొలుసు వెడల్పు. 33 అడుగులకి 33 అడుగులు. ఇంగ్లీషువాడు ఎక్కడికి పోయినా భూమిని ఆ గొలుసుతోనే కోశాడు. క్రికెట్ పిచ్ కూడా ఒక గొలుసే, 22 గజాలు.

కేంద్రం 1785లో తెచ్చిన చట్టం ప్రకారం మిగతా పశ్చిమంలో టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్లకి ఆరు మైళ్లు. రిజర్వ్ వాళ్లు సొంత లెక్క పెట్టుకుని ఐదు మైళ్ల గడి గీశారు. ఒక్కో వైపు 400 గొలుసులు, మొత్తం 16,000 ఎకరాలు. మైదానంలో అయితే సరే. అక్కడ చిత్తడి నేలలు, పడిపోయిన చెట్లు, దోమలు. గొలుసు లాగీ లాగీ లింకులు సాగుతాయి. రోజూ ఒక అంగుళం సాగినా ఐదు మైళ్లలో ఎంత తేడా వస్తుందో మా నాయినని అడగండి, రాత్రంతా చెప్తాడు. దిక్సూచి ముల్లు వేరే పక్కకి లాగుతుంది. అందుకే రిజర్వ్ గడులు చాలా చోట్ల వంకర.

ఇంకో తమాషా. సరస్సు ఒడ్డు ఎటు వంగిందో సరిగ్గా తెలీక, 30 లక్షల ఎకరాలకి మించి మిగిలే భూమి మాది అని కొందరు విడిగా ‘ఎక్సెస్ కంపెనీ’ పెట్టుకుని వాటాలు అమ్ముకున్నారు. కొలిచాక చూస్తే మిగులే లేదు.

ఈరీ_ఒడ్డున | శనివారం ఉదయం 11:02

అన్నా, సూపర్. దానికి తోడు ఇది విను. సర్వేయర్లు మధ్యలో పని ఆపేశారు. ఈ జీతానికి ఈ దోమల్లో మా వల్ల కాదు, మాకూ భూమి కావాలి అన్నారు. మోజెస్ దిగొచ్చి ఒక టౌన్‌షిప్ వాళ్లకి ఒప్పుకోవాల్సి వచ్చింది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు యూక్లిడ్. రేఖాగణితం యూక్లిడే! చిన్నోడా, మీ కాలేజీ ముందున్న యూక్లిడ్ అవెన్యూ పేరు అక్కడి నుంచే. 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుపుతున్న ఊరు కదా ఇది, ఆరాధన జరిగే క్యాంపస్ కూడా ఆ రోడ్డు మీదే.

హైటెక్_బాబు | శనివారం ఉదయం 11:30

క్షమించాలి. వీసా కష్టాలు, లేఆఫ్‌లు ఇన్ని ఉంటే 200 ఏళ్ల కిందటి అమెరికా పల్లెటూళ్ల గొడవ మనకెందుకు? ఎవరికైనా ఉపయోగమా?

టైర్ల_ఊరు | శనివారం మధ్యాహ్నం 12:15

బాబూ, ఉపయోగం లేకపోతే స్క్రోల్ చేసి వెళ్లండి. లేఆఫ్‌ల గురించే అయితే కాస్త ఆగండి, ఈ కథలో అవి కూడా వస్తాయి.

నేను ఆక్రన్‌లో ఉంటాను. మాస్టారు చెప్పిన కాలిబాట మా ఊరి మధ్య నుంచే పోతుంది. ఇప్పుడది మామూలు వీధి, పేరు పోర్టేజ్ పాత్. కయహోగా వింత నది. పుట్టింది సరస్సుకి దగ్గర్లోనే. అయినా ముందు దక్షిణానికి వచ్చి, ఆక్రన్ దగ్గర మెరక తగిలి, వెనక్కి తిరిగి ఉత్తరానికి పోయి ఈరీలో కలుస్తుంది. మెరకకి అవతల టస్కరావాస్ నది దక్షిణానికి పోయి చివరికి మిసిసిపీకి చేరుతుంది. మధ్యలో ఎనిమిది మైళ్లు. స్థానిక జాతుల వాళ్లు పడవలు తలకెత్తుకుని ఆ ఎనిమిది మైళ్లూ నడిచేవాళ్లు. ఈరీ సరస్సుని ఒహాయో నదితో కలిపే ఒహాయో కాలువ కూడా ఆ మెరక మీదుగానే తవ్వారు. 1825లో కాలువ వస్తుందని తెలిసి వేసిన ఊరే ఆక్రన్. గ్రీకులో ఎత్తయిన చోటు అని అర్థం.

బెజవాడ_చిన్నోడు | శనివారం మధ్యాహ్నం 12:40

కాలువ అంటే మాకు తెలిసిందే అక్కా. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మధ్య పెరిగాం. లాకులు కూడా ఉన్నాయా?

టైర్ల_ఊరు | శనివారం మధ్యాహ్నం 1:05

లాకులా! ఆక్రన్ నుంచి క్లీవ్‌లాండ్‌కి నేల 395 అడుగులు దిగుతుంది. అంత దూరానికి 44 లాకులు. మా ఊళ్లోనే మెట్ల వరసలా ఉంటాయి. పడవ లాకులోకి వస్తుంది, వెనక తలుపులు మూస్తారు, తూములు ఎత్తి నీళ్లు వదులుతారు, మట్టం దిగాక ముందు తలుపులు తీస్తారు. లాకు 90 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు. పడవని గట్టు మీద కంచర గాడిదలు తాడుతో లాగేవి. మన దగ్గర మనుషులు లాగేవాళ్లని మా తాతయ్య చెప్పేవారు.

1827 జులై 4న మొదటి పడవ ఆక్రన్ నుంచి క్లీవ్‌లాండ్ చేరింది. గవర్నరు కూడా అందులోనే వచ్చాడు. 1832కి ఒహాయో నది దాకా 308 మైళ్లు పూర్తయింది. తవ్వినవాళ్లలో ఐరిష్, జర్మన్ కూలీలు ఎక్కువ. చలిజ్వరానికి చాలామంది పోయారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన గార్‌ఫీల్డ్ కూడా కుర్రతనంలో 1848లో ఈ కాలువ మీద గాడిదలు తోలాడు. కొద్ది వారాల్లో 14 సార్లు నీళ్లలో పడ్డాడట. చివరికి జ్వరమొచ్చి ఇంటికి పోయాడు.

పాఠాల_పంతులు | శనివారం మధ్యాహ్నం 2:30

కాలువకి ముందు సంగతి ఒకటి చెప్పకపోతే దాని విలువ తెలీదు. రిజర్వ్‌కి వచ్చినవాళ్లు ఆకలితో చావలేదు. నేల మంచిది, పంట పండేది. 1816లో న్యూ ఇంగ్లండ్‌లో, అంటే కనెటికట్ ఉన్న ఈశాన్య అమెరికాలో, వేసవే రాలేదు, జూన్‌లో మంచు పడింది. ఇండొనేషియాలో ముందు ఏడాది పేలిన టంబోరా అగ్నిపర్వతం పొగ కారణం. ఆ దెబ్బకి పొలాలు వదిలి గుంపులు గుంపులుగా ఒహాయో వచ్చారు. కానీ పండిన గోధుమ కొనేవాడేడీ? కొండలు దాటించి తూర్పుకి తోలితే బండి కిరాయి పంట ఖరీదుని మించిపోయేది. అందుకే మొక్కజొన్నని విస్కీ చేసేవాళ్లు, బరువు తగ్గుతుందని. చేతికి రొక్కం ఇచ్చే సరుకు బూడిద ఒక్కటే. అడవి కొట్టి కాల్చి, ఆ బూడిదని నీళ్లలో వడగట్టి, మరిగించి ఉప్పులా చేసి అమ్మేవాళ్లు. సబ్బుకీ గాజుకీ అది కావాలి. భూమి చదును చేస్తే మిగిలే చెత్తే వాళ్లకి మొదటి నగదు పంట.

1825లో న్యూయార్క్ రాష్ట్రంలో ఈరీ కాలువ తెరిచారు. బఫెలో నుంచి న్యూయార్క్ నగరానికి టన్ను సరుకు కిరాయి 100 డాలర్ల నుంచి 10 డాలర్లకి పడిపోయింది. ఒహాయో కాలువ దానికి ఇటువైపు చెయ్యి. గోధుమ కాలువలో క్లీవ్‌లాండ్‌కి, సరస్సు మీద బఫెలోకి, అక్కడి నుంచి న్యూయార్క్‌కి. క్లీవ్‌లాండ్ జనాభా 1830లో 1,075. 1840లో 6,071. 1850లో 17,034. న్యూబర్గ్ సంగతా? 1873లో క్లీవ్‌లాండ్‌లో కలిపేసుకున్నారు.

సర్వేయర్_కొడుకు | శనివారం సాయంత్రం 4:10

మాస్టారూ, ఒకటి అడగాలి. కాలువ క్లీవ్‌లాండ్‌లోనే ఎందుకు తేలింది? సరస్సు ఒడ్డున వేరే ఊళ్లు ఉన్నాయి కదా. కాలువ కమిషనర్లలో ఒకడు ఆల్‌ఫ్రెడ్ కెల్లీ. ఆయనది క్లీవ్‌లాండే, 1815లో ఆ పల్లెకి మొదటి పెద్ద. తన ఊరికి తనే కాలువ తెచ్చుకున్నాడని నా అనుమానం. మన ఎమ్మెల్యేలు రింగు రోడ్డు వంకర తిప్పినట్టు.

పాఠాల_పంతులు | శనివారం సాయంత్రం 5:00

అనుమానం సహజమే. సరస్సు ఒడ్డునే ఉన్న శాండస్కీ ఊరివాళ్లు అప్పట్లో అదే అన్నారు, చాలా కాలం అన్నారు. కానీ నీళ్ల లెక్క చూడండి. కాలువకి అసలు సమస్య మెరక మీద. దిగే ప్రతి పడవా లాకు నిండా నీళ్లు పట్టుకుపోతుంది. మెరక మీద నీటి వనరు లేకపోతే కాలువ ఎండుతుంది. శాండస్కీ దారిలో మెరక మీద సరిపడా నీళ్లు లేవు. ఆక్రన్ పక్కన పోర్టేజ్ చెరువులు ఉన్నాయి.

సర్వేయర్_కొడుకు | శనివారం సాయంత్రం 5:20

ఒప్పుకున్నా, సగం. నీళ్లున్నాయి సరే. ఆ నీళ్లు కొలిచిందెవరు, రిపోర్టు రాసిందెవరు? గొలుసు ఎవరి చేతిలో ఉంటే హద్దు వాళ్లది. ఇది మా నాయిన మాట.

పాఠాల_పంతులు | శనివారం సాయంత్రం 5:26

:) మీ నాన్నగారికి నమస్కారాలు చెప్పండి. కెల్లీ నిజాయితీపరుడని అప్పటివాళ్లు చాలామంది అన్నారు. సొంత ఊరి మీద ప్రేమ లేదని మాత్రం ఎవరూ అనలేదు.

ఉక్కునగరం | శనివారం రాత్రి 8:45

కాలువ, గోధుమ బాగుంది. కానీ గోధుమతో పెద్ద ఊళ్లు రావు, మిల్లులతో వస్తాయి. నేను వైజాగ్ పోర్టులో ఖనిజం దించే చోట చాలా ఏళ్లు పని చేశాను, అమ్మాయి దగ్గరికి క్లీవ్‌లాండ్ వచ్చి ఆరు నెలలు ఉన్నాను. కాబట్టి ఈ భాగం నాది.

ఉక్కుకి మూడు కావాలి. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి. మూడూ ఒకే చోట దొరికే అదృష్టం తక్కువమందికి ఉంటుంది. క్లీవ్‌లాండ్‌లో ఖనిజం లేదు. అది ఎక్కడో పైన, సుపీరియర్ సరస్సు పక్కన మిషిగన్‌లో. 1844లో అక్కడ సర్వే చేస్తుంటే దిక్సూచి ముల్లు పిచ్చిపట్టినట్టు తిరిగింది, అలా దొరికింది. సర్వేయర్ గారబ్బాయికి నచ్చుతుంది. కానీ తేవడమెలా? సుపీరియర్ నుంచి కిందికొచ్చే నది సూ అనే చోట 21 అడుగులు దూకుతుంది. పడవ ఆపి, దించి, ఒడ్డు మీద మోసి, మళ్లీ ఎక్కించాలి. 1855లో అక్కడ లాకులు కట్టారు. కట్టిన కంపెనీకి కూలీగా కేంద్రం ఇచ్చింది డబ్బు కాదు, 7,50,000 ఎకరాల భూమి. మళ్లీ భూమే.

బొగ్గు క్లీవ్‌లాండ్‌కి దక్షిణాన, యంగ్స్‌టౌన్ వైపు మహోనింగ్ లోయలో. అక్కడి బొగ్గుని ముందుగా కాల్చి కోక్‌గా మార్చకుండా నేరుగా కొలిమిలో వేయొచ్చు. సో, ఖనిజం నీటి మీద దిగేది, బొగ్గు రైలు మీద ఎక్కేది. రెండూ కలిసే మధ్య చోటు ఈరీ ఒడ్డు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన హెన్రీ చిజమ్ అనే మేస్త్రీ మిల్లు పెట్టి, 1868లో బెస్సెమర్ అనే పద్ధతిలో ఉక్కు తీశాడు. ఎక్కడ? న్యూబర్గ్‌లో! దోమలకి జడిసి జనం పారిపోయి చేరిన ఊళ్లోనే.

నన్ను కట్టిపడేసింది దించే పని. మొదట్లో మనుషులే. ఓడ కడుపులోకి దిగి పారలతో తొట్లు నింపడం, పైకి లాగడం, తోపుడు బండ్లతో కుప్ప పోయడం. ఓడకి రోజులు పట్టేది. 1899లో జార్జ్ హ్యూలెట్ యంత్రం వచ్చింది. మిడత తల ఊపినట్టు ఊగే పెద్ద దూలం, దాని కొసన నిలువు కాలు, కాలి కింద 17 టన్నులు పట్టే గుప్పిలి. దాన్ని నడిపేవాడు ఎక్కడ కూర్చుంటాడో తెలుసా? ఆ కాలిలోనే, గుప్పిలికి సరిగ్గా పైన. గుప్పిలితో పాటే ఓడలోకి దిగుతాడు, దాంతోనే పైకి లేస్తాడు. రోజంతా. ఫొటో చూసి నాకు కళ్లు తిరిగాయి. మేం వ్యాగన్ని తిరగేసి ఖనిజం దించే టిప్లర్ దగ్గర గదిలో కూర్చుని బటన్లు నొక్కేవాళ్లం, అదే గొప్ప అనుకునేవాళ్లం. క్లీవ్‌లాండ్‌లో ఈ యంత్రాలు 1992 దాకా పని చేశాయి.

బెజవాడ_చిన్నోడు | శనివారం రాత్రి 9:10

అంకుల్, ఆ గుప్పిలి వచ్చాక పారలు పట్టినవాళ్లు ఏమయ్యారు?

ఉక్కునగరం | శనివారం రాత్రి 9:18

ఏమవుతారు బాబూ. వేరే పని వెతుక్కున్నారు. అప్పట్లో మిల్లులు పెరుగుతున్నాయి కాబట్టి దొరికి ఉంటుంది. హైటెక్ బాబు అడిగిన లేఆఫ్ ఇదే, మొదటి విడత.

ఈరీ_ఒడ్డున | శనివారం రాత్రి 10:00

కూలీల మాట వచ్చింది కాబట్టి: న్యూబర్గ్ మిల్లులో 1882లో ఇంగ్లండ్ వైపు నుంచి వచ్చిన నిపుణులు సమ్మె చేశారు. యాజమాన్యం పోలండ్, చెక్ ప్రాంతాల కొత్త వలస కూలీల్ని తెచ్చి నడిపించింది. 1885లో జీతాలు తగ్గించగానే ఈసారి సమ్మె చేసింది ఆ పోలిష్, చెక్ వాళ్లే. తర్వాత హంగేరీ, స్లొవేకియా, స్లొవేనియా వాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో యూరప్ వలసలు ఆగాక, దక్షిణాది నల్లజాతి కుటుంబాలు. 1910లో ఊళ్లో నల్లవాళ్లు 8,448 మంది, 1920లో 34,451. 1920కి మొత్తం జనాభా 7,96,841, దేశంలో ఐదో పెద్ద నగరం.

ఇంకా రాక్‌ఫెల్లర్‌ని వదిలేశాం. 1855 సెప్టెంబరు 26న 16 ఏళ్ల కుర్రాడు క్లీవ్‌లాండ్ కొట్లో గుమాస్తాగా చేరాడు. ఆ తేదీని జీవితమంతా పండగలా చేసుకున్నాడు, పుట్టినరోజు కంటే గొప్పగా. 1859లో పెన్సిల్వేనియాలో నూనె బావి పడింది. నూనె అక్కడ, శుద్ధి ఇక్కడ. ఎందుకంటే ఇక్కడ రైళ్లూ ఉన్నాయి, సరస్సు దారీ ఉంది. కిరాయి తగ్గించకపోతే పడవలో పంపుతా అని రైలువాణ్ణి బెదిరించొచ్చు. 1870లో స్టాండర్డ్ ఆయిల్ పెట్టాడు. 1872లో కొద్ది వారాల్లో ఊళ్లోని 26 శుద్ధి కర్మాగారాల్లో 22 కొనేశాడు. అప్పట్లో కావాల్సింది దీపాలకి కిరసనాయిలు. పెట్రోలు పనికిరాని సరుకు, చాలామంది నదిలో వదిలేసేవాళ్లు.

టైర్ల_ఊరు | శనివారం రాత్రి 10:20

నదిలో వదిలేసిన కథ చివర మంటే కదా. 1969 జూన్ 22న కయహోగా అంటుకుంది. అరగంటలో ఆర్పేశారు, రైలు వంతెనలకి 50,000 డాలర్ల నష్టం. స్థానికులు పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే 1868 నుంచి ఎన్నోసార్లు అంటుకున్న నదే. 1912లో ఐదుగురు చనిపోయారు. 1969 మంటకి ఫొటో కూడా లేదు. టైమ్ పత్రిక వేసింది 1952 నాటి మంట బొమ్మ. ఆ బొమ్మతోనే దేశమంతా గగ్గోలు. 1972లో నీటి శుద్ధి చట్టం రావడానికి ఈ నది కూడా ఒక కారణం.

మా ఆక్రన్ సంగతి రెండు ముక్కల్లో. కాలువ వల్ల పుట్టింది, రబ్బరు వల్ల పెరిగింది. గుడ్‌రిచ్ 1870, గుడ్‌ఇయర్ 1898, ఫైర్‌స్టోన్ 1900. 1913 వరదలో నీళ్లు పోవడానికి లాకుల్ని డైనమైట్ పెట్టి పేల్చేశారు. కాలువ అంతటితో సరి.

హైటెక్_బాబు | శనివారం రాత్రి 11:05

సరే అక్కా, చదివాను. ఒప్పుకుంటా, బాగుంది. మరి ఇంత పెద్ద ఊరు ఇప్పుడు ఎందుకిలా ఉంది?

ఉక్కునగరం | ఆదివారం ఉదయం 7:30

ఏ కారణంతో వచ్చిందో ఆ కారణం పోయింది బాబూ. ఖనిజం, బొగ్గు కలిసే చోటు కాబట్టి ఊరు. ఉక్కు దిగుమతులు పెరిగాయి, పాత కొలిముల మీద కొత్త పెట్టుబడి పెట్టలేదు. 1977 సెప్టెంబరు 19, సోమవారం, యంగ్స్‌టౌన్‌లో కాంబెల్ మిల్లు మూత అని ప్రకటించారు. సుమారు 5,000 ఉద్యోగాలు. అక్కడివాళ్లు ఆ రోజుని ఇప్పటికీ నల్ల సోమవారం అంటారు. 1930లో యంగ్స్‌టౌన్ జనాభా 1,70,002. 2020లో 60,068. క్లీవ్‌లాండ్ 1950లో 9,14,808, 2020లో 3,72,624.

పూర్తిగా చచ్చిపోలేదు మరి. నది పక్కన ఉక్కు మిల్లు ఇంకా నడుస్తోంది. 2001లో మూతపడి మర్నాడు తెరిచింది. మన లక్ష్మీ మిట్టల్ కంపెనీ చేతిలో 15 ఏళ్లు ఉంది. 2020లో క్లీవ్‌లాండ్ క్లిఫ్స్ కొన్నది. ఆ క్లిఫ్స్ మూలాలు 1847 నాటివి, మిషిగన్ ఖనిజం తవ్వడానికి పెట్టిన కంపెనీ. ఖనిజం తవ్వినవాడే చివరికి మిల్లు కొనుక్కున్నాడు.

సర్వేయర్_కొడుకు | ఆదివారం ఉదయం 8:02

‘మర్నాడు’ కాదేమో అంకుల్, మరుసటి ఏడు అనుకుంటా. 2002.

ఉక్కునగరం | ఆదివారం ఉదయం 8:10

అవును, మరుసటి ఏడే. కళ్లజోడు లేకుండా టైపు చేశాను.

ఈరీ_ఒడ్డున | ఆదివారం ఉదయం 9:40

చిన్నోడా, ఈ రోజు ఎండగా ఉంది. కయహోగా పక్కనున్న ఫ్లాట్స్ అనే పేటకి పో, రైలు దిగి నది ఒడ్డున కూర్చో. అదృష్టం ఉంటే ఖనిజం ఓడ వస్తుంది. 600 అడుగుల పైన పొడవు, నది చూస్తే పెద్ద కాలువంత. కొలిజన్ బెండ్ అనే మలుపు దగ్గర ముందు భాగం ఇటు గట్టుకి, వెనక భాగం అటు గట్టుకి తగులుతుందేమో అన్నట్టు మెల్లగా తిరుగుతుంది. హోటల్లో తింటున్నవాళ్లు ఫోర్కులు ఆపేసి చూస్తారు. నేను ఇరవై రెండేళ్లుగా చూస్తున్నా, ఇప్పటికీ ఆగుతాను.

బెజవాడ_చిన్నోడు | ఆదివారం రాత్రి 8:15

వెళ్లానన్నా! గంటన్నర కూర్చున్నా. ఓడ రాలేదు, వంతెన మాత్రం ఒకసారి లేచింది, చిన్న పడవ కోసం. చలికోటు కూడా కొన్నా.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. రాజు పత్రం, గొలుసు, లాకులు, అన్నీ. శ్రద్ధగా విన్నారు. ఎకరం 40 సెంట్లకి అమ్మారు నాన్నా అంటే, "ఎకరానికి వంద సెంట్లు కదరా, మిగతా అరవై ఎవరు కొట్టేశారు?" అని అడిగారు.

సర్వేయర్_కొడుకు | ఆదివారం రాత్రి 8:21

హహహ. మా నాయిన నంబర్ ఇస్తా, ఇద్దర్నీ కలుపుదాం.